కొయినమ్మ అనే పేరు

పోయిన బుధవారం మదనపల్లెలో పెద్దాస్పత్రి బెంచీ మీద బీపీ మాత్రల కోసం కూర్చుని ఉన్నాను. చీటీల కిటికీ లోపలి నుంచి గుమాస్తా గొంతు చించుకుని ఒక పేరు పిలిచాడు. "కొయినమ్మా! నిమ్మనపల్లె కొయినమ్మా!"

నేను లేచి నిలబడ్డాను. నా పేరు అది కాదు. నా మోకాళ్ళకు ఊరికే లేచే ఓపిక కూడా లేదు. కానీ ఆ పేరు మొదట పెట్టించుకున్న ప్రాణిని నేను ఎరుగుదును. యుద్ధం రోజుల్లో ఇదే ఊళ్ళో, మిషన్ ఆస్పత్రి సామాన్ల గదిలో అది ఎలుకలు పట్టేది. అది ఒక పిల్లి.

పిల్లి సంగతి చెప్పాలంటే ముందు దాన్ని పెంచినామె సంగతి చెప్పాలి. ఆమెను మేమందరం పెద్ద నర్సమ్మ అనేవాళ్ళం. డాక్టర్లు సిస్టర్ అనేవాళ్ళు. రోగులు అమ్మా అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. ఆమెకొక పేరు ఉంటుందన్న ఆలోచన కూడా మాకు వచ్చేది కాదు. నేనప్పుడు కురబలకోట నుంచి నర్సు పని నేర్చుకోవడానికి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లను. ఆమె ఎదురుగా వస్తోందంటే గోడకు అంటుకుపోయేదాన్ని.

మనిషి పొట్టి. తెల్లచీర, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు. అడుగుల చప్పుడు వినిపించేది కాదు. మేము ఎవరి మీదో చాడీలు చెప్పుకుంటూ ఉంటే, ఆమె వెనకాల నిలబడి చివరిదాకా విని, "తరవాత ఏమైందే?" అనేది. కొప్పులో ఆడవాళ్ళు పూలు పెట్టుకునే చోట ఆమె థర్మామీటరు డబ్బీ గుచ్చుకునేది. దేవుడి పాటలు ఎన్ని పాడినా అన్నీ ఒకే రాగం. కోపం వస్తే డబ్బీ తీసి, చూసి, మళ్ళీ కొప్పులో పెట్టేది. ఎంత కోపం వచ్చిందో అందులో చూసుకుంటోందని మేము నవ్వుకునేవాళ్ళం.

ఆమెకు ఉన్న పిచ్చి ఒక్కటే, పేర్ల పిచ్చి. "పేరు సెప్పు, రోగం తరవాత" అనేది ఎవరు వచ్చినా. ఒకసారి చింతచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగిన రైతును బండిలో తెచ్చారు. ఆయన అరుపులకు గేటు దగ్గర ఎద్దులు బెదిరాయి. ఈమె వెళ్ళి "పేరు సెప్పప్పా" అంది. ఆయన ఇంకా అరిచాడు. "పేరు సెప్పి అరువప్పా, ఎవురి కోసం ప్రార్థన చెయ్యాలో నాకి తెలియాల గదా" అంది. రామిరెడ్డి అని చెప్పాడు. "సరే రామిరెడ్డీ, ఇంగ నీ ఇష్టం, ఎంతసేపన్నా అరుసుకో" అని, ఆయన అరుస్తుండగానే దబ్బలు కట్టేసింది.

మాలో ఎవరైనా "నాలుగో మంచానికి జ్వరం వచ్చింది" అంటే మా పని అయిపోయేదే. "మంచానికి జ్వరం వస్తాదా? మంచమంటే ఏందో నీకి తెల్దు మాదిరుండాది" అని, ఖాళీ మంచం ఒకటి చూపించి, పావుగంట కదలకుండా పడుకోమనేది. ఆ పావుగంటా మమ్మల్ని నంబరుతోనే పిలిచేది. వార్డులో రోగులందరూ తలలెత్తి చూస్తుండగా పదకొండో మంచంగా నేను పడుకున్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరినీ నంబరుతో పిలవలేదు.

అలాంటి మనిషి పిల్లికి పేరు పెట్టడంలో బోల్తా పడింది.

సామాన్ల గదిలో ఎలుకలు గాజుగుడ్డ కట్టలను కొరికి పోగులు పెడుతుంటే ఆమె ఒక తెల్లటి ఆడపిల్లిని తెచ్చింది. వారానికొకసారి లైజాలు అనే ఘాటు మందు కలిపిన నీళ్ళతో దానికి స్నానం. ఆ వాసనకు ఎలుకలు ముందే జాగ్రత్తపడేవి, అందుకని పిల్లి పట్టినవాటి కంటే పారిపోయినవే ఎక్కువ. రోగుల మంచాలకు కట్టే జ్వరం అట్ట ఒకటి దాని కోసం గది తలుపు మీద వేలాడదీసింది. అందులో పేరు గడి ఖాళీగా ఉంటే ఆమెకు నిద్ర పట్టదు. అప్పట్లో కొత్తగా వినిపిస్తున్న అందమైన పేరొకటి చూసి, సరోజ అని రాసింది.

ఆమె ఇంటి గోడకు అవతల కంపౌండరు కాపురం. ఆయన కొత్తగా పెళ్ళి చేసుకుని పుంగనూరు నుంచి భార్యను తెచ్చుకున్నాడు. భార్యను పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో తప్పు. ఆయన "ఇదిగో" అనేవాడు. ఆయన తల్లి "అమ్మణ్ణీ" అనేది. కాబట్టి ఆ పిల్ల పేరు గోడ దాటి ఇవతలికి ఎప్పుడూ రాలేదు. ఊరందరి పేర్లూ అడిగే పెద్ద నర్సమ్మ ఆ పిల్ల పేరు ఒక్కటీ అడగలేదు. "ఆ బిడ్డకి రోగమేమీ లేదు గదా, పేరు యాల అడగాల అనుకుంటిని" అని తర్వాత తల కొట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే పెద్ద నర్సమ్మ పెరట్లో నిలబడి తన పిల్లిని తిట్టింది. ఆమె తిట్టిందంటే వీధి చివరి దాకా వినాల్సిందే.

"సరోజా! సిగ్గుండాదా నీకి? రేత్రంతా యాడ తిరిగొచ్చినావే? గోడ మింద ఆ నల్లోడితో నిన్ను నేను సూడలేదనుకుంటాండావా? ఇంట్లో పాలు పోసి సాకేది ఒకరు, నువ్వు తిరిగేది ఇంకొకరితోనా?"

గోడ అవతల కంపౌండరు తల్లి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. కోడలి మొహంలోకి చూసింది. కోడలి పేరు సరోజ. కంపౌండరు ఎర్రటి మనిషి. ఇక ఆ నల్లోడు ఎవడన్నది ఆ ఇంట్లో పెద్ద ప్రశ్న అయిపోయింది. మధ్యాహ్నానికల్లా ఆ పిల్ల ట్రంకుపెట్టెతో పుంగనూరు బస్సు ఎక్కింది.

సంగతి తెలిసి పెద్ద నర్సమ్మ ఒక పూట అన్నం ముట్టలేదు. మర్నాడు సెలవు పెట్టింది. పిల్లిని మూత ఉన్న బుట్టలో పెట్టి, సాయానికి నన్ను తీసుకుని పుంగనూరు బయలుదేరింది. కంపౌండరును, ఆయన తల్లిని కూడా ఎక్కించింది. అవి పెట్రోలు దొరకని రోజులు, బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. మిట్ట వచ్చినప్పుడల్లా అందరం దిగి తోసేవాళ్ళం. పిల్లి మాత్రం దిగలేదు. కంపౌండరు తల్లి బస్సును తోస్తూ, "పిల్లి అంటే నేను నమ్మాలంటనా?" అని గొణుగుతూనే ఉంది.

పుంగనూరులో ఆ పిల్ల తండ్రి మడి గట్టు మీద నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, కాళ్ళకు బురద ఉంది. మమ్మల్ని కూర్చోమనలేదు. పెద్ద నర్సమ్మ గడప ముందర బుట్ట పెట్టి మూత తీసింది. పిల్లి తల బయటపెట్టింది.

"సరోజా!" అని పిలిచింది పెద్ద నర్సమ్మ.

పిల్లి మ్యావ్ అంది. లోపలి నుంచి ఆ పిల్ల "ఆ!" అంది.

ముందు కంపౌండరు తల్లి నవ్వింది, ఆపుకోలేక గోడ పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత తలుపు వెనక నుంచి ఆ పిల్ల ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. తండ్రి ఒక్కడే నవ్వలేదు.

"అంతా సరేనమ్మా, నా బిడ్డ పేరు పిల్లికి యాల పెట్టినారు?" అన్నాడు.

"తప్పు నాదే అప్పా," అంది పెద్ద నర్సమ్మ. "ఈ గడప ముందరే తీసేస్తాండాను. మదనపల్లె, పుంగనూరు, మా కుప్పం, ఈ మూడూళ్ళలో ఏ ఆడబిడ్డకూ లేని పేరే ఇంగ దీనికి పెడతాను. అట్లాంటిది దొరికే దాకా దీన్ని తిట్టను."

చివరి మాట ఆమెకు చాలా కష్టమైనది. అప్పటి నుంచి పేరు వేట మొదలైంది.

ఆమె పద్ధతి ఇది. జనం ఎక్కువగా ఉండే సోమవారం పొద్దున ఆస్పత్రి వరండాలో నిలబడి, చేతిలో చీటీ ఉన్నట్టు నటిస్తూ ఒక పేరు పిలుస్తుంది. ఎవరైనా పలికారా, ఆ పేరు కొట్టివేత. ఇంద్రాణి అని పిలిస్తే తాలూకా కచేరీ గుమాస్తా భార్య లేచింది. గులాబీ అంటే పూలమ్మే ఆమె. విక్టోరియా అంటే ఇంకెవరూ ఉండరనుకున్నాం, గేటు కాసే ఆయన తల్లి, డెబ్భై ఏళ్ళావిడ, కర్ర పట్టుకుని మెల్లగా వచ్చేసింది. లేచినవాళ్ళను ఊరికే పంపడం మర్యాద కాదని ఆమె అందరి నాలుకలూ చూసి ఆముదం పోసింది. ఏ జబ్బూ లేకుండా ఆ నెలల్లో ఆముదం తాగిన ఆడవాళ్ళు మా ఊళ్ళో చాలామంది.

ఇక్కడ ఎవరూ పలకని పేరు దొరికితే కార్డు ముక్క రాసి పుంగనూరులో సరోజను అడిగేది. కాపురానికి వచ్చేసినా ఆ పిల్ల నెలకు నాలుగు రోజులు పుట్టింట్లో ఉండేది, ఈ పేర్ల పని ఆమెకు సరదాగా కూడా ఉండేది. అక్కడా లేకపోతే కుప్పంలో పెద్ద నర్సమ్మ అన్నగారి ఇల్లు ఉంది. మందాకిని అనే పేరు మదనపల్లె, పుంగనూరు దాటి కుప్పం దాకా వెళ్ళి, అక్కడ ఆమె వదిన చెల్లెలి దగ్గర ఆగిపోయింది.

మూడు నెలలు పిల్లికి పేరు లేదు. ఆమె దాన్ని తిట్టలేదు కూడా. ఆ తిట్లన్నీ మాకు పడ్డాయి.

ఇంతలో చలిజ్వరాలు వచ్చాయి. జనం కొయినా అనే క్వినైన్ మందుకు యుద్ధం వల్ల కరువు వచ్చింది. ఉన్న ఒక్క సీసాను పెద్ద నర్సమ్మ సామాన్ల గదిలో తాళం వేసి ఉంచి, గరిటెతో కొలిచి పోసేది. ఒకరోజు గరిటె తొణికి నాలుగు చుక్కలు బల్ల మీద పడ్డాయి. పిల్లి వెళ్ళి నాకింది. చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు మూసి, నాలుక బయటే వదిలేసి, ఈ లోకం మీద నమ్మకం పోయినట్టు మాకేసి చూసింది. పెద్ద నర్సమ్మ పడీపడీ నవ్వింది. ఆమె అంతలా నవ్వడం నేను అప్పుడే చూశాను. కొప్పులోంచి థర్మామీటరు జారి కింద పడింది, అదృష్టం, పగల్లేదు.

"సూడే దీని మొగం! కొయినా తాగిన మొగం! ఒసే కొయినమ్మా!" అంది. అని, ఠక్కున ఆగింది. పరుగున వరండాలోకి వెళ్ళి, "కొయినమ్మా!" అని కేక పెట్టింది.

ఒక్కరూ పలకలేదు. జ్వరంతో మూలన పడుకున్న ఒకాయన మాత్రం లేచి, "నాకొద్దు తల్లీ ఆ మందు" అని గేటు వైపు నడిచాడు. పుంగనూరు నుంచి లేదని జవాబు వచ్చింది. కుప్పం ఆమె స్వయంగా వెళ్ళింది. రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి పిలిచిందట. కాఫీ అమ్మే ఆయన ఒక్కడే వచ్చి, "ఎవురు తప్పిపోయినారక్కా?" అన్నాడట. అట్ట మీద ఎర్ర సిరాతో కొయినమ్మ అని రాసి, ఆ రోజు పిల్లిని పెరట్లో నిలబెట్టి మూడు నెలల తిట్లూ కలిపి తిట్టింది. గోడ అవతల నుంచి సరోజ, "అట్లే తిట్టండక్కా!" అని హుషారు చేసింది.

ఇంత కష్టపడి సంపాదించిన పేరును ఆమె ఏడాది కూడా ఉంచుకోలేదు.

నిమ్మనపల్లె నుంచి చెంగమ్మ అనే ఆమె కానుపుకు వచ్చింది. అంతకు ముందు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోది ఆడపిల్ల. చెంగమ్మ అత్త ఒక చేట పట్టుకుని వచ్చి కూర్చుంది. పుట్టిన పిల్లలు నిలవని ఇళ్ళలో అప్పటి ఆచారం అందరికీ తెలిసిందే. బిడ్డను చేటలో పెట్టి పెంటదిబ్బ మీద పడుకోబెడతారు. అక్కర్లేని బిడ్డ అని చావు అనుకోవాలి. తర్వాత ఎవరో ఎత్తుకొచ్చి ఇస్తారు. పేరు కూడా ఆ దిబ్బదే పెడతారు, దాన్నీ ఎవరూ కోరరని.

ఈ మాట వినేసరికి పెద్ద నర్సమ్మ థర్మామీటరు తీసి, చూసి, పెట్టి, మళ్ళీ తీసింది.

"దిబ్బ మిందనా? ఇంగా బొడ్డు ఊడని బిడ్డనా? ధనుర్వాతం వచ్చి ఈ బిడ్డ కూడా పోతాది. నేను పంపను."

"మా ఇంటి పద్ధతి అదమ్మా," అంది అత్త. "నువ్వు పంపకపోయినా పదో దినం మేము పోతాము గదా."

అది నిజమే. గేటు దాటాక ఆమె చేసేదేమీ లేదు. రెండు రోజులు ఆమె వాళ్ళతో పోట్లాడింది, బతిమాలింది, వాళ్ళ కోసం ప్రార్థన చేసింది. అత్త చేట వదల్లేదు. మూడో రోజు చెంగమ్మ పడుకునే మాట్లాడింది. ఆమె మంచం పక్క కిటికీలో పిల్లి ఎండ కాచుకుంటూ ఉంది.

"అమ్మా, దిబ్బ వద్దులే. అత్తను నేను ఒప్పిస్తాను. దీని పేరు నా బిడ్డకి ఇస్తావా?"

"ఏ పేరు?"

"కొయినమ్మ. అట్లాంటి చేదు పేరు నేను యాడా వినలేదు. సావు నోట్లో పెట్టుకున్నా తుపుక్కున ఊంచేస్తాది."

పెద్ద నర్సమ్మ మంచం అంచున కూర్చుంది. రోగి మంచం మీద ఆమె కూర్చోవడం మేము ఎన్నడూ చూడలేదు.

"వద్దు చెంగమ్మా. బిడ్డ రేపు బడికి పోతాది. అయ్యవారు పేరు పిలిస్తే అందరూ నవ్వుతారు. పిల్లి పేరని తెలిస్తే ఇంగా నవ్వుతారు. ఆ నవ్వు ఎట్లుంటాదో నీకి తెల్దు."

"నవ్వేదానికన్నా నా బిడ్డ ఉండాల గదమ్మా," అంది చెంగమ్మ.

పెద్ద నర్సమ్మ లేచి సామాన్ల గదికి వెళ్ళింది. పనేమీ లేకపోయినా నేనూ వెనకాలే వెళ్ళాను. ఆమె గాజుగుడ్డ మడతలు పెడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నన్ను కుప్పంలో దిబ్బ మింద వేసినారే. నాకి ముందర ముగ్గురు పోయినారు. ఇస్కూల్లో టీచరు పేరు పిలిచినప్పుడంతా నేను పలికే లోపలే అందరూ ముక్కులు మూసుకునేవాళ్ళు. మిషన్‌లో సేరినాక ఆ పేరుతో నన్ను పిలవొద్దని అందరి కాళ్ళూ పట్టుకున్నాను." తర్వాత తన పేరు చెప్పింది. నేను ముక్కు మూసుకోలేదు. ఏడుపు వచ్చింది. ఆమె నా చేతిలో ఒక గాజుగుడ్డ కట్ట పెట్టి, "ఏడిస్తే ఏడువు, చేతులతో మడతలు పెట్టు" అంది. ఆ పేరు ఇక్కడ రాయను.

మడతలు అయిపోయాక ఆమె తలుపు మీది అట్ట దగ్గరికి వెళ్ళింది. కొయినమ్మ అన్న పేరును ఎర్ర సిరాతోనే కొట్టేసింది. చెంగమ్మ దగ్గరికి తిరిగి వచ్చి, "ఒక వార్డులో ఇద్దరికి ఒకే పేరుంటే మందులు తారుమారవతాయి. పిల్లి ఇచ్చేసింది, తీసుకో. పిల్లి పేరని మాత్రం యాడా సెప్పొద్దు. నేను సెప్పను, ఈ పిల్లా సెప్పదు" అంది.

"పిల్లి?" అంది అత్త.

"అదీ సెప్పదు."

"మరి బళ్ళో అడిగితే ఎవురి పేరని సెప్పాల?" అని అడిగింది చెంగమ్మ.

పెద్ద నర్సమ్మ థర్మామీటరు డబ్బీ తీసి, చూడకుండానే మళ్ళీ కొప్పులో పెట్టుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. పదో రోజున వాళ్ళు బండెక్కారు. చేటను అత్త ఆస్పత్రిలోనే వదిలేసింది. దాంట్లో మేము చాలా రోజులు రాగులు చెరుక్కున్నాం.

ఆ తర్వాత పిల్లికి మేము ఎన్ని పేర్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. "దాని పేరు నిమ్మనపల్లెలో ఉండాది" అనేది. ఎనామెలు పళ్ళెం మీద థర్మామీటరు డబ్బీతో రెండుసార్లు తట్టితే అది వచ్చేది. తిట్లు మాత్రం పేరు లేకుండా సరిగ్గా పడవని చాలా బాధపడేది. పిల్లి పోయింది, కొన్నేళ్ళకు ఆమె కూడా పోయింది. నిమ్మనపల్లె నుంచి ఎవరైనా ఆస్పత్రికి వస్తే, పేరు అడిగాక, రోగం అడిగే ముందు, "మీ ఊర్లో చెంగమ్మ బిడ్డ బడికి పోతాండాదా?" అని చివరిదాకా అడుగుతూనే ఉంది. పోతాందని చెప్పేవాళ్ళు. నవ్వుతున్నారా అని మాత్రం ఆమె అడగలేకపోయింది.

బుధవారం నాడు నేను లేచి నిలబడేసరికి, నా వెనక బెంచీ నుంచి నలభై ఏళ్ళు దాటిన ఒకామె లేచింది. గట్టి మనిషి. చంకలో మనవడో, మనవరాలో. కిటికీ దగ్గర జనం మూగి ఉంటే ఆమె నా పక్కనే ఆగింది.

"మీ అమ్మ పేరు చెంగమ్మ కదా?" అన్నాను.

"అవునమ్మా, మీకెట్లా తెలుసు?"

నేను జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేశాను. "నీ పేరు భలే ఉందే. ఎవరి పేరమ్మా అది?"

"ఈ ఊర్లో మిషన్ ఆస్పత్రిలో పెద్ద నర్సమ్మ ఉన్నింది. ఆయమ్మ పేరు," అంది ఏ తడబాటూ లేకుండా. "మా అమ్మ సెప్పింది. నేను ఒకటో తరగతిలో ఉండంగా అయ్యవారు నా పేరు పిలిచి నవ్వినాడంట. మా అమ్మ వరికయ్యిలో నుంచి కొడవలితోనే వచ్చేసింది. 'నీ పెండ్లానికి పురుడు పోసిందెవురు? ఆయమ్మ పేరిది. ఇంగొకసారి నవ్వుతావా?' అనింది. ఆయప్ప గమ్మునైపోయినాడు. ఇంగ ఊర్లో ఎవురు నవ్వుతారు?"

ఆమె నా మొహంలోకి చూసింది. "మీరు ఆయమ్మను ఎరుగుదురా? ఆయమ్మ పేరు అదే గదా?"

పెద్ద నర్సమ్మ ఆ రోజు నా తరపున కూడా ఇచ్చిన మాట ఉంది. ఆమె అసలు పేరు నాకు తెలుసు, ఈ పేరు ఎవరిదో కూడా తెలుసు.

"అదేనమ్మా," అన్నాను.

"కొయినమ్మా!" అని గుమాస్తా మళ్ళీ కేక పెట్టాడు. ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, హాలంతా వినపడేట్టు, "ఈడే ఉండానప్పా, వస్తాండాను!" అంది. ఒక్కరూ నవ్వలేదు.